బండి మారకుండా నంబరు మారితే: వీడియో ట్రాకర్లను పోల్చే పద్ధతి

"అన్నా, బైట్‌ట్రాక్ మంచిదా, డీప్‌సార్ట్ మంచిదా?" మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ కొద్ది రోజుల్లోనే అడిగే ప్రశ్న ఇది. రెండూ వీడియోలో కదిలే వస్తువుల్ని వెంటాడే ప్రోగ్రాములు, ట్రాకర్లంటాం. నా జవాబు ఎప్పుడూ ఇంకో ప్రశ్నే: "ఏ వీడియో మీద, ఏ పనికి?" అడిగినప్పుడల్లా మొదటినుంచీ చెప్పుకొచ్చే ఓపిక లేక, ఈసారి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

మాది ట్రాఫిక్ సర్వే పని. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల జంక్షన్ల దగ్గర స్తంభానికి కెమెరా కట్టి, ఎటు నుంచి ఎటు ఎన్ని బండ్లు వెళ్లాయో లెక్క తీసి ఇస్తాం. ఇదివరకు ఈ పనికి కుర్రాళ్లు చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుని టాలీ షీట్ మీద గీతలు గీసేవాళ్లు. ఇప్పుడు డిటెక్టర్ ప్రతి ఫ్రేములో బండి చుట్టూ బాక్స్ గీస్తుంది. ట్రాకర్ ఆ బాక్సుల్ని ఒకదానికొకటి కలిపి "ఇది 17వ నంబరు ఆటో, ఇందాక చూసిందే" అని చెబుతుంది. ఆ నంబరునే ఐడీ అంటాం. బండి అదే ఉండి ఐడీ మారిపోతే ఒక ఆటో రెండు ఆటోలవుతుంది. మా లెక్కలు ఎక్కువగా చెడేది అక్కడే. కాబట్టి కింద చెప్పేదంతా ఒకే వీడియోలో చాలా వస్తువుల్ని ఒకేసారి వెంటాడే ట్రాకింగ్ గురించే.

పోటీలో ఎవరెవరు

సార్ట్ 2016లో వచ్చింది. కాల్మన్ ఫిల్టర్‌తో బండి తర్వాతి ఫ్రేములో ఎక్కడుంటుందో అంచనా వేస్తుంది, హంగేరియన్ పద్ధతితో ఆ అంచనాలకి కొత్త బాక్సుల్ని జత కలుపుతుంది. అంతే. బండి రంగు, రూపం దానికి పట్టవు. 2017లో వచ్చిన డీప్‌సార్ట్ రూపాన్ని కూడా చూస్తుంది. బాక్సు లోపలి బొమ్మని ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ 128 అంకెల వరుసగా మారుస్తుంది, రెండు వరుసలు దగ్గరగా ఉంటే ఒకే వస్తువని అనుకుంటుంది. దీనివల్ల ఐడీ మార్పులు 45 శాతం తగ్గాయని ఆ పేపర్‌లో రాసుకున్నారు.

2021 నాటి బైట్‌ట్రాక్ రూపం జోలికి పోలేదు. డిటెక్టర్ ప్రతి బాక్సుకీ తనకెంత నమ్మకమో ఒక స్కోరిస్తుంది. తక్కువ స్కోరొచ్చిన బాక్సుల్ని ఇది పారేయకుండా పక్కన ఉంచి, అప్పటికే వెంటాడుతున్న బండ్లలో మొదటి విడతలో జత దొరకనివాటికి రెండో విడతలో చూపిస్తుంది. బస్సు చాటున సగమే కనిపించే బైకుకి స్కోరు పడిపోతుంది కదా, అలాంటివాటి కోసం. 2022లో వచ్చిన బాట్-సార్ట్ దానికి కెమెరా కదలికని సరిచేసే భాగం కలిపింది, కావాలంటే రూపాన్నీ వాడుకోవచ్చు. ఇంకా ఓసీ-సార్ట్ ఉంది. వస్తువు కాసేపు మాయమై మళ్లీ కనిపించినప్పుడు, ఈ మధ్యలో కాల్మన్ అంచనాలో పోగైన తప్పుని వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది.

ఎన్ని కొత్తవి వచ్చినా సార్ట్‌ని మాత్రం పోటీలోంచి తీసేయకండి. మీ వీడియోలో కొత్త ట్రాకర్ సార్ట్ కన్నా పెద్దగా ముందు లేదంటే, అప్పుడు అనుమానించాల్సింది డిటెక్టర్‌ని.

ర్యాంకుల పట్టిక ఎంతవరకు పనికొస్తుంది

ఎవరైనా ముందు చేసేది ఎంఓటీ17 అనే డేటాసెట్ మీద ట్రాకర్లకిచ్చిన ర్యాంకుల పట్టిక తెరిచి పైనున్న పేరు తీసుకోవడం. ఎంఓటీ17 మంచి డేటాసెట్టే. శిక్షణకి 7, పరీక్షకి 7 వీడియోలు, అన్నిట్లోనూ నడుస్తున్న మనుషులు. మన జంక్షన్‌లో ఉండేది ఆటోలు, బైకులు, ఆర్టీసీ బస్సులు, వన్‌వేలో ఎదురొచ్చే స్కూటరు.

వీడియో మారితే తీర్పు ఎలా మారిపోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఎంఓటీ17 మీద బైట్‌ట్రాక్‌కీ ఓసీ-సార్ట్‌కీ హోటా అనే స్కోరు (దాని లెక్క కింద చెబుతాను) 63 దగ్గరే, తేడా లేనట్టే. డాన్స్‌ట్రాక్ అని 2022లో ఇంకో డేటాసెట్ వచ్చింది. అందులో ఒకే రకం బట్టలు వేసుకుని గెంతుతూ ఒకరి ముందు ఒకరు దాటిపోయే డాన్సర్ల వీడియోలు 100 ఉన్నాయి. అక్కడ బైట్‌ట్రాక్ 48 దగ్గరికి జారిపోతుంది, ఓసీ-సార్ట్ 55 దగ్గర ఆగుతుంది. ట్రాకర్లు అవే. నడక తిన్నగా సాగుతుంది, డాన్స్ సాగదు. మీ వీడియోలో వస్తువులు ఈ రెండిట్లో దేనిలా కదులుతాయో మీకే తెలియాలి. హైవే అయితే మొదటి రకం. సిగ్నల్ పడ్డాక సందుల్లోంచి ముందుకి జరిగే బైకులైతే రెండో రకానికి దగ్గర.

పట్టికలో ఇంకో చిక్కు ఉంది. చాలా ఎంట్రీల్లో డిటెక్టర్ కూడా ఎవరిది వాళ్లదే. స్కోరు పెరిగింది ట్రాకర్ వల్లా, డిటెక్టర్ వల్లా అన్నది బయటికి తెలియదు. డిటెక్టర్ మారిస్తే చాలు, ట్రాకింగ్ 18.9 శాతం వరకు మెరుగవుతుందని సార్ట్ పేపర్‌లోనే ఉంది. 2016లోనే చెప్పిన మాట ఇది, ఇప్పటికీ జనం పట్టించుకోరు.

డిటెక్టర్ అందరికీ ఒకటే ఉండాలి

ఈ రాతలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. డిటెక్టర్‌ని వీడియో మీద ఒక్కసారే నడపండి. వచ్చిన బాక్సులన్నీ ఫైల్లో దాచండి. అన్ని ట్రాకర్లకీ ఆ ఫైలే తినిపించండి. అప్పుడు స్కోరులో కనిపించే తేడా ట్రాకర్ సొంత ప్రతిభే.

అయితే దాచేటప్పుడు ఒక మెలిక ఉంది. చాలా డిటెక్టర్ కోడ్‌లు కొంత స్కోరు కన్నా తక్కువ వచ్చిన బాక్సుల్ని తమంతట తామే పారేస్తాయి. మీరు 0.5 దగ్గర కత్తిరించి దాచారనుకోండి, బైట్‌ట్రాక్ ప్రాణమే పోయినట్టు. దాని రెండో విడతకి కావాల్సినవి 0.1 నుంచి మొదలయ్యే తక్కువ స్కోరు బాక్సులే. ఆ ఫైలుతో పోల్చి "బైట్‌ట్రాక్‌కీ సార్ట్‌కీ తేడా ఏం లేదే" అంటే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే 0.1 లేదా ఇంకా కిందికి దింపి దాచండి. సార్ట్‌కి ఇచ్చేటప్పుడు దానికి నప్పిన స్కోరు దగ్గర విడిగా కత్తిరించండి.

వీడియోని కూడా ముందే ఫ్రేముల బొమ్మలుగా విడదీసి పెట్టుకోవడం మంచిది. ఫోన్లలో తీసిన వీడియోల్లో ఫ్రేముల మధ్య వ్యవధి ఒకేలా ఉండదు. ఒక లైబ్రరీ ఒకలా లెక్కపెడుతుంది, ఇంకొకటి ఇంకోలా. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనంతో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి, ఒకసారి బొమ్మలు తీసేసుకుంటే, 431వ ఫ్రేము అంటే అందరికీ అదే 431వ ఫ్రేము.

ఇక మన రోడ్ల సంగతి. కోకో డేటాసెట్ మీద శిక్షణ పొందిన రెడీమేడ్ యోలో డిటెక్టర్లకి 80 రకాల వస్తువులు తెలుసు. వాటిల్లో ఆటో లేదు. ఒక ఫ్రేములో ఆటోని కారంటుంది, ఇంకో ఫ్రేములో ట్రక్కంటుంది. ఏ రకానికి ఆ రకం విడిగా ట్రాక్ చేసే కోడ్ అయితే అక్కడికక్కడే ఐడీ తెగిపోతుంది, నింద ట్రాకర్ మీద పడుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తయారుచేసిన ఐడీడీ డేటాసెట్‌లో ఆటోకి ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది. దానితో మొదలుపెట్టొచ్చు. కానీ అది కారు ముందు కట్టిన కెమెరాతో తీసింది. స్తంభం మీంచి చూస్తే ఆటో అంటే కనిపించేది టాపే. కాబట్టి మీ కెమెరా బొమ్మలు కొన్ని కలిపి మళ్లీ శిక్షణ ఇవ్వక తప్పదు. పోలిక మొదలయ్యేలోపే ఇది అయిపోవాలి.

సరైన జవాబు రాసిపెట్టుకోవడం

స్కోరు వెయ్యాలంటే ముందు మనిషి గీసిన సరైన జవాబు కావాలి. గ్రౌండ్ ట్రూత్ అంటారు. విసుగు పుట్టించే పని, టైమంతా ఇదే తినేస్తుంది. సీవీఏటీ అనే ఉచిత సాధనం వాడండి. అందులో కొన్ని ఫ్రేములకోసారి బాక్స్ సరిచేస్తే చాలు, మధ్యలోవి అదే నింపుకుంటుంది. ఎంఓటీ ఫార్మాట్‌లో ఎగుమతి కూడా చేస్తుంది.

గీయడం మొదలుపెట్టే ముందు నియమాలు కాగితం మీద రాసుకోండి. బైకూ దాని మీద మనిషీ కలిపి ఒక బాక్సా, రెండా? బస్సు చాటుకి పూర్తిగా వెళ్లిపోయిన స్కూటరు బయటికొచ్చాక అదే ఐడీనా, కొత్తదా? సగమే కనిపించే కారుకి కనిపించినంత మేరే బాక్సా, మొత్తం ఊహించి గీయాలా? దూరంగా చుక్కలా ఉన్న బండిని ఎప్పటినుంచి లెక్కలోకి తీసుకోవాలి? మా దగ్గర నియమం: చాటుకి వెళ్లినా మనిషి కంటికి అదే బండి అని తెలిస్తే అదే ఐడీ. ట్రాకర్‌కి కష్టమని మనం సడలించకూడదు.

ఒక క్లిప్పుని ఇద్దరు మనుషుల చేత విడివిడిగా గీయించండి. ఒకరి జవాబుని గ్రౌండ్ ట్రూత్ అనుకుని, రెండోవారిది ట్రాకర్ ఫలితం అనుకుని స్కోరు వెయ్యండి. నూటికి నూరు రాదు. వచ్చిన ఆ అంకే మీ పరీక్షలో ఎవరికైనా దక్కగల గరిష్ఠ మార్కు. దాని దగ్గరికి చేరిన రెండు ట్రాకర్ల మధ్య తేడా వెతకడం దండగ.

క్లిప్పులు ఎంచేటప్పుడు పొడుగాటి వీడియో ఒక్కటి కాకుండా చిన్నవి ఎక్కువ తీసుకోండి. పొద్దున పది గంటల ఎండ, సాయంత్రం రద్దీ, రాత్రి హెడ్‌లైట్లు, వాన, సిగ్నల్ దగ్గర ఆగిన గుంపు. ప్రతి రకంలోంచీ కొన్ని. వాటిని రెండు భాగాలు చెయ్యండి: సెట్టింగులు తిప్పడానికి కొన్ని, చివరి పరీక్షకి కొన్ని. ఒకే వీడియోని ముందు సగం, వెనక సగం అని విడగొడితే ఆగి ఉన్న అవే బండ్లు రెండు పక్కలా ఉంటాయి. రోజులు వేరుగా ఉండేలా చూసుకోండి.

మూడు స్కోర్లు, ఒక లారీ

ఇక స్కోర్లు. మూడు పేర్లు వింటారు: మోటా, ఐడీఎఫ్1, హోటా. సూత్రాలు కంఠస్థం చెయ్యక్కర్లేదు, ఒక లారీని వెంటాడితే చాలు.

లారీ మన వీడియోలో 100 ఫ్రేములు కనిపించింది. డిటెక్టర్ ప్రతి ఫ్రేములోనూ దాన్ని అచ్చంగా పట్టుకుంది. కానీ సరిగ్గా సగంలో, 50 ఫ్రేముల తర్వాత, ఐడీ 8 నుంచి 23కి మారింది.

మోటా అంటే తప్పిపోయినవి, లేనివి ఉన్నట్టు చూపినవి, ఐడీ మార్పులు, ఈ మూడిటినీ కూడి గ్రౌండ్ ట్రూత్‌లోని మొత్తం బాక్సుల సంఖ్యతో భాగించి, 1లోంచి తీసేయడం. ఇక్కడ తప్పు ఒకటే, 100లో 1. మోటా 99 శాతం. ఐడీఎఫ్1 వేరేలా చూస్తుంది: అసలు లారీకి ఒక ఐడీనే కేటాయిస్తుంది, దానితో సరిపోయిన ఫ్రేములే ఒప్పు. సగమే సరిపోయాయి కాబట్టి 50 శాతం. హోటాలో డిటెక్షన్‌కి ఒక మార్కు, జత కలపడానికి ఒక మార్కు ఉంటాయి. రెండిటినీ గుణించి వర్గమూలం తీస్తారు. ఇక్కడ డిటెక్షన్ 1, జత కలపడం 0.5, హోటా దాదాపు 71 శాతం.

ఇప్పుడు ఐడీ సగంలో కాకుండా 90 ఫ్రేముల తర్వాత మారిందనుకోండి. మోటాకి తేడా తెలియదు, మళ్లీ 99. ఐడీఎఫ్1 90కి ఎక్కుతుంది. హోటా 90.5 దాకా వస్తుంది. లారీ జంక్షన్ దాటేసి వెళ్లిపోయే చివరి క్షణంలో ఐడీ మారితే మా లెక్కకి నష్టం లేదు, నడిమధ్యలో మారితే ఎడమకి తిరిగిన లారీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. ఆ తేడా మోటాకి కనపడదు.

అందుకే పాత పేపర్లలో మోటా 80 అని చూసి మురిసిపోకండి. డాన్స్‌ట్రాక్ మీద హోటా 48 వచ్చిన అదే బైట్‌ట్రాక్‌కి మోటా 90 దగ్గర ఉంది. డాన్సర్లని పట్టుకోవడంలో లోటేం లేదు, ఎవరు ఎవరో కలిపేసుకుంది.

నేను హోటాతోపాటు దాని రెండు భాగాల్నీ ఎప్పుడూ విడిగా రాస్తాను. డిటెక్టర్ ఒకటే కాబట్టి డిటెక్షన్ మార్కు అన్ని ట్రాకర్లకీ దాదాపు ఒకేలా ఉండాలి. లేకపోతే ఎక్కడో ఒక ట్రాకర్ బాక్సుల్ని కత్తిరిస్తోందని అర్థం. ముందు అది చూసుకోవాలి.

ఈ స్కోర్లన్నీ వెయ్యడానికి ట్రాక్‌ఎవాల్ అనే పైథాన్ సాధనం చాలు. మూడు చోట్ల తడబడే వీలుంది. ఫ్రేముల నంబర్లు 1 నుంచి మొదలవ్వాలి, 0 నుంచి కాదు. గ్రౌండ్ ట్రూత్ ఫైల్లో ఏడో గడిలో 0 ఉంటే ఆ వరుసని లెక్కలోకి తీసుకోదు, అక్కడ 1 ఉండాలి. ఎంఓటీ పద్ధతిలో అది పాదచారుల్నే లెక్కపెడుతుంది కాబట్టి మీ బండ్ల తరగతి నంబరుని 1గా పెట్టి, ప్రీప్రాసెసింగ్ సెట్టింగుని ఆపేయండి. బైకులు, ఆటోలు, పెద్ద బండ్లు దేనికది విడిగా నడపండి. కలిపి నడిపితే బైకుల కష్టం కార్ల సుఖంలో కలిసిపోతుంది.

ఒకే వస్తువుని, అంటే మొదటి ఫ్రేములో మీరే బాక్స్ గీసి చూపించిన ఒక్క డ్రోన్‌నో బంతినో, వెంటాడే పనైతే ఈ స్కోర్లు వర్తించవు. ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలో ఉండే కేసీఎఫ్, సీఎస్ఆర్‌టీ లాంటివి ఆ కోవకి చెందుతాయి. వాటికి బాక్సు ఎంత మేర సరిపోయిందో ఒక గ్రాఫు, మధ్య బిందువు 20 పిక్సెళ్ల లోపు ఉన్న ఫ్రేములు ఎన్నో ఇంకో లెక్క. ఆ రకం ట్రాకర్లకి విడిగా వీఓటీ అనే పోటీలు 2013లో మొదలయ్యాయి. అది వేరే కథ.

సెట్టింగుల దగ్గర జరిగే అన్యాయం

సార్ట్ అసలు కోడ్‌లో ఒక సెట్టింగ్ ఉంది: బండి కనిపించకపోతే ఎన్ని ఫ్రేములు ఎదురుచూడాలి? అక్కడ ఉండేది 1. అంటే వరసగా రెండు ఫ్రేములు మిస్సయితే ఆ ఐడీ అయిపోయినట్టే. బైట్‌ట్రాక్, డీప్‌సార్ట్ కోడ్‌లలో అదే సెట్టింగ్ 30. ఈ రెండిటినీ ఉన్నవి ఉన్నట్టు నడిపి పోలిస్తే మీరు పోల్చింది ఓపికని, పద్ధతిని కాదు. సార్ట్‌కీ 30 ఇచ్చి చూడండి, తేడాలో ఎంత మిగులుతుందో.

డీప్‌సార్ట్‌కి ఇంకోలా అన్యాయం జరుగుతుంది. దానితో వచ్చే రూపాన్ని గుర్తుపట్టే నెట్‌వర్క్ మార్స్ అనే డేటాసెట్‌లోని 1,261 మంది పాదచారుల బొమ్మలతో నేర్చుకుంది. నిలువుగా ఉండే మనిషి బొమ్మకి తగ్గట్టు ఎత్తు 128, వెడల్పు 64 పిక్సెళ్లకి ఏ బాక్సునైనా నొక్కేస్తుంది. అడ్డంగా ఉన్న బస్సుని అందులో కుక్కి, "డీప్‌సార్ట్ బండ్లకి పనికిరాదు" అని తీర్పు చెప్పేవాళ్లని చూశాను. 776 బండ్లని 20 కెమెరాల్లో తీసిన వేరీ-776 లాంటి డేటాసెట్ మీద నేర్చుకున్న నెట్‌వర్క్ పెట్టి చూడాలి. అప్పుడు కూడా ఒకే రంగు ఆటోలు పది వరసలో నిలబడితే రూపం పెద్దగా సాయం చెయ్యదు. అది మాత్రం నిజం తీర్పే.

కాబట్టి ప్రతి ట్రాకర్‌కీ సెట్టింగులు తిప్పే అవకాశం సమానంగా ఇవ్వండి. ఒక్కోదానికి 30 కలయికలు అనుకుంటే అందరికీ 30. సెట్టింగుల క్లిప్పుల మీద మంచిది ఎంచుకుని, పరీక్ష క్లిప్పుల మీద ఒక్కసారి నడపాలి. పరీక్ష ఫలితం చూశాక మళ్లీ సెట్టింగులు ముట్టుకుంటే ఆ క్లిప్పులు ఇక పరీక్షకి పనికిరావు.

ఫ్రేములు తగ్గించి కూడా చూడండి

ల్యాప్‌టాప్ మీద సెకనుకి 25 ఫ్రేములతో పోల్చి, స్తంభం కిందున్న చిన్న కంప్యూటర్ పెట్టెలో 5 ఫ్రేములతో నడపడం మామూలుగా జరిగేదే. పక్కనుంచి చూస్తున్నామనుకోండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే 4 మీటర్ల కారు, 25 ఫ్రేముల దగ్గర ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి 67 సెంటీమీటర్లు జరుగుతుంది. పాత బాక్సూ కొత్త బాక్సూ ఒకదానిమీదొకటి పడే వాటా, ఐఓయూ అంటారు, 0.7 పైనే. అదే 5 ఫ్రేములైతే 3.3 మీటర్లు జరుగుతుంది, ఆ వాటా 0.09కి పడిపోతుంది. సార్ట్ కోడ్‌లో జత కలపడానికి కావాల్సిన కనీసం 0.3. రెండు మీటర్ల బైకైతే పాత బాక్సుని అసలు తాకనే తాకదు.

కాల్మన్ ఫిల్టర్‌కి వేగం తెలిశాక ఈ ఇబ్బంది తగ్గుతుంది. కానీ వేగం తెలియాలంటే ముందు ఒకసారైనా జత కుదరాలి కదా, బండి ఫ్రేములోకి వచ్చిన కొత్తలో అదే కుదరదు. అందుకే అవే క్లిప్పుల్ని 25, 12, 5 ఫ్రేములకి తగ్గించి మూడుసార్లూ స్కోరు వెయ్యండి. 25 దగ్గర మొదటి ర్యాంకు వచ్చినది 5 దగ్గర అదే ర్యాంకులో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎదురుచూసే ఫ్రేముల సెట్టింగుని కూడా దానికి తగ్గట్టు తగ్గించాలి: 25 దగ్గర 30 ఫ్రేములంటే సెకను పైచిలుకు, 5 దగ్గర 30 అంటే ఆరు సెకన్లు. ఈ ఆరు సెకన్లలో ఆ చోటుకి వేరే బండి వచ్చి పాత ఐడీని తగిలించుకుని పోతుంది.

ఫలితాలు చదవడం

అన్ని క్లిప్పుల సగటు ఒక్కటే రాసుకోకండి. ప్రతి క్లిప్పుకీ రెండు ట్రాకర్ల స్కోర్లు పక్కపక్కన పెట్టి తేడా చూడండి. 12 క్లిప్పుల్లో ఒకటి 7 చోట్ల గెలిచిందంటే అది గెలుపు కాదు. నాణెం ఎగరేసినా 12కి 7 లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 39 శాతం దాకా ఉంది. 10 చోట్ల గెలిస్తే నమ్మొచ్చు, ఊరికే అలా జరిగే అవకాశం 2 శాతమే. వేల ఫ్రేములున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. పక్కపక్క ఫ్రేములు ఒకదానికొకటి జిరాక్సు కాపీల్లాంటివి, లెక్కకొచ్చేది క్లిప్పులే.

తర్వాత కళ్లతో చూడాలి. ఐడీ మారిన ప్రతి చోటా ముందు రెండు సెకన్లు, వెనక రెండు సెకన్లు కత్తిరించి వరసగా ప్లే చెయ్యండి. నేను ఎన్ని స్కోర్లు చూసినా చివరికి నిర్ణయం తీసుకునేది ఈ చిన్న ముక్కలు చూశాకే. మా వీడియోల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి కొన్ని ఉన్నాయి. బస్సు మలుపు తిరిగేటప్పుడు: ఎదురుగా ఉన్నప్పుడు నిలువు బాక్సు, తిరిగేసరికి అడ్డం బాక్సు. సార్ట్ లోపల బాక్సు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మారదనే ఊహ ఉంది, ఆ మలుపులో అది తేలిపోతుంది. బాట్-సార్ట్ వెడల్పు, ఎత్తుల్ని నేరుగా అంచనా వేస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త నయం. ఇంకోటి సిగ్నల్. ఆగిన బైకు పక్కనుంచి ఇంకో బైకు నెమ్మదిగా ముందుకి జరుగుతుంది, రెండు బాక్సులూ కలిసి విడిపోయేసరికి ఐడీలు తారుమారు. మొత్తం లెక్కలో ఇది కనపడదు, ఎందుకంటే బైకులు రెండే, ఐడీలూ రెండే.

అసలు మొత్తం లెక్కల్ని ఎప్పుడూ అనుమానంతోనే చూడాలి. రెండు ఆటోలు తప్పిపోయి, వేరే రెండు రెండేసిసార్లు లెక్కకొస్తే మొత్తం అచ్చంగా సరిపోతుంది. క్లయింటు మీటింగులో ఆ అంకె బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మేం చేసేది ఇది: బొమ్మలో రోడ్డుకి అడ్డంగా మేం గీసుకున్న లెక్క గీతని బండి దాటిన ప్రతి సంఘటననీ సమయం, రకం, దిశతో సహా గ్రౌండ్ ట్రూత్‌లోని సంఘటనతో జత కలుపుతాం. జత దొరకనివి రెండు పక్కలా లెక్కపెడతాం. హోటాలో కొద్దిగా వెనకబడిన ట్రాకర్ ఈ లెక్కలో ముందుండటం వింతేమీ కాదు. మాకు డబ్బులొచ్చేది ఈ లెక్కకే కాబట్టి దీని మాటే చెల్లుతుంది.

డిటెక్షన్ ఫైళ్లు, ఒక్కో ట్రాకర్ సెట్టింగులు, కోడ్ ఏ వెర్షన్, గీయడానికి రాసుకున్న నియమాలు, అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టేయండి. కొత్త ట్రాకర్ వచ్చిందని ఎవరైనా ఉత్సాహపడితే ఆ ఫోల్డర్ చేతిలో పెట్టి నడుపుకోమంటే సరిపోతుంది. ముఖాలు, నంబరు ప్లేట్లు కనిపించే ఒరిజినల్ వీడియో మాత్రం ఆ ఫోల్డర్లో వద్దు, బ్లర్ చేసినవే ఉంచండి.

మిగిలింది వేగం. సార్ట్ సెకనుకి 260 ఫ్రేములు అని పేపర్‌లో చదివి సంబరపడతారు, అందులో డిటెక్టర్ టైము లేదు. డిటెక్షన్, రూపం తీయడం, జత కలపడం, మూడిటికీ విడివిడిగా గడియారం పెట్టండి. జీపీయూ పని అప్పగించగానే కోడ్ ముందుకి వెళ్లిపోతుంది కాబట్టి, పని పూర్తయ్యేదాకా ఆగమని చెప్పి అప్పుడు టైము చూడాలి. మొదటి కొన్ని ఫ్రేములు వేడెక్కడానికి వదిలేయండి. సగటుతోపాటు 95వ శాతం దగ్గర ఎంత పట్టిందో, అంటే నూటికి 95 ఫ్రేములు ఎంత టైములోపు అయిపోయాయో కూడా రాయండి, ఫ్రేములు జారిపోయేది అక్కడే. రూపం చూసే ట్రాకర్లకి బండ్లు పెరిగే కొద్దీ టైము పెరుగుతుంది, సార్ట్‌కీ బైట్‌ట్రాక్‌కీ ఆ బరువు చాలా తక్కువ. కాబట్టి వేగం కొలిచే క్లిప్పు మధ్యాహ్నం ఖాళీ రోడ్డుది వద్దు. సాయంత్రం ఆరింటిది తీసుకోండి, అదీ చివరికి పని చేయాల్సిన ఆ పెట్టెలోనే నడిపి.